కౌంటరు వెనక పాలరాయి

పాలరాయి కానిదాన్ని పాలరాయిగా చూపించే పని ఒకటుంది. ఇటుకతో కట్టి సున్నపు గచ్చు పట్టించిన స్తంభం మీద రంగు మీద రంగు పూసి, తడి ఆరకముందే స్పాంజితో అద్ది, ఈక అంచుతో నరాలు గీసి, ఆరాక వార్నిష్ పట్టిస్తారు. చూసినవాడు నమ్మాలి. నమ్మి, అరచెయ్యి ఆనించి, రాయిలా చల్లగా లేదేమిటని చెయ్యి వెనక్కి తీసుకోవాలి. అప్పుడు పని కుదిరినట్టు. మోసమే గానీ ఎవరి కొంపా ముంచని మోసమని ఆ పనివాళ్లు చెప్పుకుంటారు. పిన్ని కూడా అలాగే చెప్పుకుంటూ వచ్చింది, కొంప మునిగేదాకా.

ఆమె నిజంగా పిన్ని అయింది ఒక్కడికే, అక్క కొడుక్కి. అక్క ఆస్పత్రిలో నర్సు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి డ్యూటీ. బావ లారీల వెంట తిరిగే ఉద్యోగి, ఇంట్లో ఉన్న నాలుగు రోజులూ చుట్టంలా ఉండేవాడు. అందుకని పిల్లవాడు పిన్ని చంకలో పెరిగాడు. చంక దిగాక ఆమె పనిచేసే చోటల్లా తిరిగాడు. పరంజా కింద నిలబడి వాడు "పిన్నీ, పిన్నీ" అని పెట్టిన కేకలకి ఆ పిలుపు అక్కడున్న అందరికీ అంటుకుంది. వయసులో ఆమెకంటే పెద్దవాడైన తాపీమేస్త్రి కూడా "పిన్నీ, కాస్త నిచ్చెన పట్టుకో" అనేవాడు. "పట్టుకుంటాలే, పడి నా ప్రాణం తీయకు నాయనా" అనేది ఆమె. చివరికి ఆఫీసర్ల నోట కూడా అదే పేరు పడింది. అసలు పేరు జీతం తీసుకునే రోజున తప్ప ఎవరికీ అవసరం కాలేదు.

పెళ్లి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు. వచ్చిన సంబంధాలు ఆమెకు నచ్చలేదు, ఆమె చేతులు వాళ్లకు నచ్చలేదు. గోళ్ల చుట్టూ ఎప్పుడూ ఏదో ఒక రంగు, దగ్గరికొస్తే అవిసె నూనె వాసన. ఎవరైనా అడిగితే అక్క అందుకునేది: "దానికి ఎప్పుడో అయిపోయింది. మొగుడు స్టేషన్లో ఉంటాడు."

ఆ మొగుడు చచ్చిపోయి వందేళ్లు దాటింది. పాత రైలు స్టేషనులో ఒక పెద్ద హాలు ఉంది. ఎత్తయిన కిటికీలు, మధ్యలో రెండు వరసల స్తంభాలు. వాటికి పాలరాతి వేషం వేసిన మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. తన పేరు తాను రాసుకోలేదు, ఇంకెవరూ రాసిపెట్టలేదు. పిన్ని అతన్ని పెద్దాయన అనేది. తండ్రి దగ్గర పని నేర్చుకునే రోజుల్లో, తండ్రి ఆమెను మొదట తీసుకెళ్లి నిలబెట్టింది ఆ హాల్లోనే. తేనెరంగు మీద గులాబీ నీడలు, వాటిలోంచి సన్నటి తెల్ల నరాలు. ఏ నరం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిపోయిందో పట్టుకోవడం కష్టం. "ఒక్క గీత రెండుసార్లు గీయలేదు చూడు. అన్ని స్తంభాల్లోనూ వెతుకు, దొరికితే నా చెవి కోసిస్తా" అన్నాడు తండ్రి. ఆమె ఏళ్ల తరబడి వెతికింది. తండ్రి రెండు చెవులతోనే కన్నుమూశాడు.

పిల్లవాడు ఇంకా చంక దిగని రోజుల్లో ఒక వానాకాలం హాలు కప్పు కారి, గుమ్మం పక్క స్తంభం కింది సగం ఉబ్బి రాలిపోయింది. బాగుచేసే పని పిన్నికి వచ్చింది. పాత కట్టడాల పనిలో ఒక నియమం ఉంది. పోయిన చోట కొత్తగా వేసింది దూరం నుంచి చూస్తే పాతదానిలో కలిసిపోవాలి, దగ్గరికొచ్చి చూస్తే నేను కొత్తదాన్నని చెప్పేయాలి. అందుకని ఆ జాగాని సన్నటి నిలువు గీతలతో నింపుతారు. రేపు వచ్చేవాడు అతుకుని చూసి అసలనుకోకుండా ఉండటానికి ఈ ఏర్పాటు. పని చూసే ఇంజనీరు గారు ఈ మాట ఆమెకు ఒకటికి రెండుసార్లు చెప్పి, జ్వరం తగిలి సెలవు మీద వెళ్లాడు.

ఆయన అటు వెళ్లాక పిన్ని గీతలు గీయలేదు. పూర్తి వేషం వేసింది.

ఇక్కడ ఆమెను వెనకేసుకురావడానికి ఏమీ లేదు. అది పొగరు. పెద్దాయన పక్కన నిలబడగలనని తనకు తాను చూపించుకోవాలనుకుంది. సిమెంటు జోలికి పోకుండా, తాపీమేస్త్రి చేత నానబెట్టిన సున్నంతోనే గచ్చు పెట్టించింది. కొట్లో దొరికే తెలుపు కాదని, తండ్రి దాచిన పాత సీసపు తెలుపు చివరి డబ్బా తీసి నూరుకుంది. మట్టిరంగులు, నూనె, ఈక, అన్నీ పెద్దాయన వాడినవాటిలాంటివే. ఒక్కచోట మాత్రం ఆయన దారి వదిలేసింది. మిగతా స్తంభాల్లో పాలరాతి వేషం కింద బూడిదరంగు వెల్ల ఒక పూత ఉంటుంది. కొత్త గచ్చు లోపలిదాకా ఆరాలని ముందు అలా వెల్ల వేసి వదిలేసి, కొన్నేళ్లయ్యాక దాని మీద అసలు రంగు వేశారు. పైకి కనిపించని ఆ వెల్ల నాకెందుకులే అనుకుంది పిన్ని.

పని అయ్యాక దూరం జరిగి చూసింది. మళ్లీ ముక్కు ఆనేంత దగ్గరికెళ్లి చూసింది. తన చెయ్యి ఎక్కడ మొదలైందో తనకే తెలియలేదు. ఆ సాయంత్రం ఇంటిదారి పట్టిన ఆమెను చూసినవాళ్లు ఈవిడకి లాటరీ తగిలిందేమో అనుకుని ఉంటారు. ఇంజనీరు గారు తిరిగొచ్చేలోపే రైల్వేవాళ్లు ఎక్కడో విప్పిన పాత చెక్కలు తెచ్చి, ఆ స్తంభాన్ని ఆనించి టికెట్ల కౌంటరు కట్టేశారు. స్తంభం కింది సగం చెక్కల వెనక్కి పోయింది. ఆయన కౌంటరు చుట్టూ తిరిగి, తొంగిచూసే సందు లేక, నియమం ప్రకారం గీతల పద్ధతిలో బాగుచేశామని రాసి సంతకం పెట్టేశాడు. పిన్ని గండం గడిచిందనుకుంది. అంత గొప్ప పని చూసేవాడు లేకుండా పోయాడే అని కొంచెం బాధ కూడా పడింది.

గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. పిల్లవాడికి మాత్రం ఆ నియమాన్ని ఆమె నూరిపోసింది. "అతుకు అతుకులాగే ఉండాలిరా. దాచావా, అది అబద్ధం." ఇంకో మాట కూడా చెప్పేది. ముసలి రంగుపనివాళ్లు ఎక్కడ కలిసినా అది నేనే వేశాను, ఇది నేనే వేశాను అని కోతలు కోస్తుంటారు కదా, అవి విని వాడు నోరు తెరిస్తే, పక్కకి లాగి చెవిలో చెప్పేది: "మనిషి మాట వినకు. గోడ మాట విను. గోడకి గొప్పలు చెప్పుకునే అవసరం లేదు."

ఇంట్లో వంటింటి బీరువా తలుపు మీద ఆమె ఎప్పుడో చెయ్యి ఆడటానికని పాలరాయి వేసింది. అందులో ఒక తెల్ల నరం పైనుంచి దిగి, రెండు పాయలై, చిన్న పాయ మోచెయ్యి మడిచినట్టు వెనక్కి తిరుగుతుంది. పిల్లవాడు దానికెదురుగా కూర్చోబెడితేనే అన్నం తినేవాడు. ఎంగిలి వేలితో ఆ పాయ వెంట గీస్తూ, "ఈ నది ఇంటికెళ్లిపోతోంది పిన్నీ" అనేవాడు. "వెళ్లనీ, నువ్వు ముద్ద మింగు" అనేది ఆమె, తడిగుడ్డతో తలుపు తుడుస్తూ.

పెరిగి పెద్దయ్యాక అతను గోడల చదువే చదివాడు. పాత కట్టడంలో రంగులు ఎన్ని పొరలున్నాయో, ఏది ముందో ఏది వెనకో తేల్చే ఉద్యోగం. ఆపరేషను చేసే కత్తిలాంటిదానితో ఆవగింజంత ముక్క లేపి, నిలువునా అరగదీసి, మైక్రోస్కోపు కింద పెడితే పొరలన్నీ వరసగా కనిపిస్తాయి. పనివాళ్లు అతన్ని పొరల సారు అన్నారు. కొత్తగా చేరినవాళ్లకి అతను చెప్పే మొదటి పాఠం పిన్ని మాటే, మనిషి మాట వినకు, గోడ మాట విను. ఆ మాట అతని నోట విన్నప్పుడల్లా పిన్నికి కడుపు నిండేది. అప్పటికి ఆమె పని మానేసింది. వేళ్లు వణకడం మొదలై ఈక మాట వినడం మానేసింది. బావ పోయాడు. అక్క రిటైరైంది. ముగ్గురూ ఆ ఇంట్లోనే ఉన్నారు, ఆ వంటింట్లోనే తింటున్నారు.

స్టేషను హాలుని మొదటిరోజున ఎలా ఉందో అలా చెయ్యాలని పైవాళ్లు తలపెట్టారు. స్తంభాల పరిశీలన పొరల సారుకి వచ్చింది. కౌంటరు విప్పించిన రోజు అతను ఇంటికి రావడమే చెప్పులతో వంటింట్లోకి వచ్చేశాడు.

"పిన్నీ, నీ పెద్దాయన దొరికాడు" అన్నాడు.

"తప్పిపోయాడా ఏం?" అంది పిన్ని.

"తప్పిపోయాడు. ఇన్నాళ్లూ నువ్వు చూసింది ఆయన పని కాదు. వేరేవాడెవడో తర్వాత వేశాడు. అసలు పెద్దాయన కౌంటరు వెనక ఉన్నాడు."

అతను ఫోనులో ఫోటోలు చూపిస్తూ చెప్పుకుపోయాడు. తన పనిలో ఎప్పుడైనా వెతికేది కదలని సామాను వెనకే, అక్కడికి ఎండ రాదు, చీపురు రాదు, తర్వాతివాళ్ల కుంచె కూడా రాదు. కౌంటరు చెక్కలు చూస్తే వందేళ్లనాటివి, స్టేషనుతో పాటే కట్టి ఉంటారు. అక్కడ దొరికిన పాలరాయి నేరుగా గచ్చు మీదే ఉంది. మిగతా స్తంభాల్లో గచ్చు మీద బూడిదరంగు వెల్ల, దాని మీద మురికి గీత, ఆ తర్వాత పాలరాయి. అంటే ఏమిటి? కౌంటరు వెనకది మొదటిది. మిగతా చోట్ల దాన్ని గీకేసి వెల్ల కొట్టి, కొన్నేళ్లకి ఎవడో నకలు దించాడు. ఆ నకలంతా తీసేసి, దొరికిన అసలుని చూసి అన్ని స్తంభాలూ మళ్లీ వేయించాలని రాసి పంపేశాడు. పైవాళ్లకి తెగ నచ్చింది.

పిన్నికి ఫోటో చూడగానే తెలిసిపోయింది. మొదట కలిగింది భయం కాదు. చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, మొదట కలిగింది సంతోషం. కళ్లలో వత్తులు వేసుకుని పొరలు లెక్కపెట్టే తన కొడుకులాంటివాడు తన పని చూసి పెద్దాయన అన్నాడు. ఆ తర్వాత అతని చివరి మాట బుర్రకెక్కింది. నకలంతా తీసేయడం అంటే ఆయన్ని గీకి పారేయడం.

ఆ రాత్రి నుంచి ఆమెకు మింగలేక కక్కలేక అయింది. నోరు మూసుకుంటే ఆ హాల్లో పెద్దాయన అనేవాడు మిగలడు. నోరు తెరిస్తే అబ్బాయి రాసింది తప్పని తేలుతుంది, ఉద్యోగంలో తల దించుకోవాలి, అంతకంటే ముందు పిన్ని అబద్ధాలకోరని అతనికి తెలియాలి. దేనికి ఎక్కువ భయపడిందో ఆమెకే తెలియదు. కానీ రంగు ఊడదీసే మందు డబ్బాలు దిగాయని అతను అన్నం తింటూ చెప్పగానే ఇక ఆగలేకపోయింది. "నన్నొకసారి హాలుకి తీసుకెళ్లు" అంది.

కౌంటరు పోయిన చోట స్తంభం కింది సగం కడిగిన పండులా ఉంది. పై సగం మీద పొగ, వార్నిష్ పసుపు, వందేళ్ల చేతుల జిడ్డు. పనివాళ్లు టీకి వెళ్లారు. అతను చేతిలైటు వేసి పట్టుకున్నాడు.

"ఇది నేను వేసింది" అంది పిన్ని.

అతను నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు. ఆమె అంతా చెప్పింది, కప్పు కారడం, ఇంజనీరు జ్వరం, గీతలు వేయకపోవడం, వెల్ల ఎగ్గొట్టడం. అతను అన్నీ విని, పనిలో ముసలి రంగుపనివాళ్లని అడిగే గొంతుతోనే అడిగాడు.

"ఇందులో సీసపు తెలుపుంది పిన్నీ. నీ కాలానికి అది ఎక్కడ దొరికింది?"

"మీ తాత డబ్బా ఒకటి ఉండేది."

"అది ఉందా?"

"అప్పుడే అయిపోయింది."

"గచ్చు పెట్టిన మేస్త్రి?"

"పోయాడు. ఇంజనీరు గారూ పోయారు."

"ఆఫీసులో ఆ మరమ్మతు కాగితం చూశాను. గీతలతో చేశామని ఉంది. ఇక్కడ గీతలు లేవు. అందుకే అది వేరే స్తంభం గురించి అనుకున్నాను."

"ఆయన చూడకుండా రాశాడురా."

"సరే. నీది అని చెప్పే తేడా ఒక్కటి చూపించు. ఒక్కటి చాలు. రేపే పని ఆపించేస్తాను" అన్నాడు.

అతను ఆ మాట మనసులోంచే అన్నాడు. ఆపించేవాడే. పిన్ని మోకాళ్ల మీద కూర్చుని లైటు తీసుకుని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి వెతికింది. పై సగంలో ఆయన నరాలు, కింది సగంలో తన నరాలు. ఎంత చూసినా ఒకే చెయ్యిలా ఉంది. కాకిపిల్ల కాకికి ముద్దు. తన పనిలో వంక వెతకాలంటే కన్ను మొరాయించింది.

"తేడా లేదు. నేను ఉంచలేదు. ఆయన ఒక్క గీత రెండుసార్లు గీయలేదు, నేనూ గీయలేదు" అంది.

అంత కష్టంలోనూ ఆ గొంతులో గర్వం పలికింది. అతను అది విన్నాడు. ఎందరో ముసలి పనివాళ్ల గొంతులో అంతకుముందు విన్నదే.

"అయితే వేసి చూపిస్తాను" అంది ఆమె. ఇంటికొచ్చి వంటింటి బల్ల మీద చెక్క పెట్టి రంగు కలిపారు. ఈక తడిపి ఇచ్చాడు. ఆమె ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు అదిమిపట్టుకుని గీసింది. నరం పురుగులా మెలికలు తిరిగింది. ఇంకోటి గీసింది. అదీ అంతే. మూడోసారి ఈక ముంచబోతుంటే అతను మెల్లగా ఆమె వేళ్ల మధ్యనుంచి ఈక తీసేసుకున్నాడు.

"చాలు పిన్నీ" అన్నాడు.

ఛీ కొట్టినా బాగుండేది. అంత మెత్తగా అన్నాడు గనకే ఆమెకు గుండె ముక్కలైంది.

అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది. "నీకు మొదటినుంచీ అదే యావ. ఆయన పక్కన నీ పేరు పడాలి. ఇప్పుడు వాడి నోటికాడి కూడు తీసైనా సరే పడాలి" అంది. ఆ మాటలో సగం నిజం ఉంది.

అతను చెడ్డవాడు కాదు. మర్నాడు పని ఒక రోజు ఆపించి, మరో రెండు చోట్ల ముక్కలు తీసి చూశాడు. గచ్చు, సీసపు తెలుపు, మట్టిరంగు. పొరలు మళ్లీ అదే చెప్పాయి. సాయంత్రం వచ్చి ఆమె మంచం పక్కన కూర్చున్నాడు.

"నువ్వే కదా నేర్పావు పిన్నీ. మనిషి మాట వినకు, గోడ మాట విను అని. గోడ వేరే చెబుతోంది. నేనేం చెయ్యను?"

"నేను మనిషినా నీకు?" అంది పిన్ని.

అతను లేచి వెళ్లిపోయాడు. అడ్డాలనాడు బిడ్డలు గానీ గడ్డాలనాడు బిడ్డలా అని వెనక అక్కతో అందామనుకుంది గానీ, అక్క అతని తల్లి కదా, ఊరుకుంది. తర్వాత ఒక్కటే అడిగింది. ఒక్క స్తంభం మీద జానెడు పట్టీ అయినా ఉంచమంది. అతను వెంటనే ఒప్పుకున్నాడు. తీసేసే ప్రతి పొరకీ సాక్షిగా ఒక ముక్క వదలడం తమ పద్ధతే అన్నాడు.

గీకే రోజుల్లో ఆమె ఒకసారి వెళ్లింది. రాలిన పెంకులు రెండైనా ఏరి తెచ్చుకోవాలని గుడ్డసంచి కూడా పట్టుకెళ్లింది. పెంకులేవీ లేవు. స్తంభానికి గుజ్జులాంటి మందు పట్టించి, రంగు మెత్తబడ్డాక గుడ్డలతో తుడిచేస్తున్నారు. తేనెరంగు, గులాబీ, తెలుపు అన్నీ కలిసి బురదగా గుడ్డలకి అంటుకుంటున్నాయి. ఆ గుడ్డల్ని డ్రమ్ముల్లో కుక్కుతున్నారు. "దగ్గరికి రాకండి పిన్నిగారూ, కళ్లు మండుతాయి" అన్నాడు ఒక పనివాడు. ఆమె కళ్లు అప్పటికే మండుతున్నాయి. ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వచ్చేసింది.

సాక్షి పట్టీ కూడా మిగల్లేదు. ప్రారంభానికి ముందు చూడవచ్చిన పెద్ద అధికారి ఒకాయన, అంత శుభ్రమైన స్తంభం మీద ఆ మరకేమిటని అడిగాడట. పొరల సారు ఆ రోజు వేరే కట్టడం దగ్గర ఉన్నాడు. తిరిగొచ్చేసరికి పట్టీ లేదు. ఆ కబురు ఇంట్లో చెప్పేటప్పుడు అతను తల ఎత్తలేదు. "పోనీలే, దానికీ పోయే ఘడియ వచ్చింది" అంది పిన్ని. కోపం అన్న పదార్థమే ఆమెలో అయిపోయింది.

ప్రారంభం రోజున అతనే దగ్గరుండి తీసుకెళ్లాడు. హాలు మెరిసిపోతోంది. స్తంభాలు కొత్త పెళ్లికూతుళ్లలా ఉన్నాయి. కుర్రపనివాళ్లు వేశారు, చెయ్యి బాగానే ఉంది. కౌంటరు వెనక దొరికిన ముక్క మీద పల్చటి కాగితం పరిచి, నరాల వెంట సూదితో పొడిచి, ఆ చిల్లుల్లోంచి బొగ్గుపొడి అద్ది ప్రతి స్తంభానికీ అచ్చు దించుకున్నారు. తప్పు పోయే వీలు లేదు. గుమ్మం పక్క స్తంభానికి అద్దం బిగించారు, చుట్టూ తాడు కట్టారు. లోపల దీపం పెట్టారు.

పొరల సారు పెద్దవాళ్లందరికీ అద్దం దగ్గర నిలబడి చెబుతున్నాడు. పిన్ని భుజం మీద చెయ్యి వేసి, తనకి రంగుని చూడటం నేర్పింది ఈవిడేనని చెప్పాడు. తర్వాత అద్దం మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ చూడండి. ఈ నరం దిగుతూ రెండు పాయలవుతుంది. చిన్న పాయ ఇలా వెనక్కి మడుచుకుంటుంది. కింద, ఇదిగో, నేలకి దగ్గర్లో మళ్లీ అదే. ఇది ఈ కళాకారుడి చేతివాటం, సంతకం అనుకోండి. చెక్కలు తీసిన రోజు నేను మొదట చూసింది ఈ పాయనే. ఎలా చెప్పాలో తెలియదు గానీ, చిన్నప్పటినుంచీ ఎరిగినదాన్ని చూసినట్టయింది. అసలైనది ఎదురుపడితే అలాగే ఉంటుంది. పొరలు తర్వాత చూశాను, నమ్మకం అప్పుడే కుదిరింది."

వేలు ఆ పాయ వెంట కదులుతోంది. అన్నం తినేటప్పుడు కదిలినట్టే కదులుతోంది.

పిన్నికి అప్పుడు కనిపించింది. ఆ రోజు మోకాళ్ల మీద కూర్చుని ఎంత వెతికినా కనిపించనిది. ఎవరి నడక వాళ్లకి కనిపించదు, ఇంకొకరు నడిచి చూపిస్తే తప్ప. తలెత్తి చూసింది. ఎదుటి స్తంభం మీద ఆ పాయ. దాని పక్కదాని మీద ఆ పాయ, పైన ఒకటి, కింద ఒకటి. రెండు వరసల నిండా, హాలు ఆ చివరిదాకా, మోచెయ్యి మడుచుకున్న ఆమె పాయ. ఒక్క గీత రెండుసార్లు గీయని మనిషి హాల్లో ఇప్పుడు ఒక్కటే గీత ఉంది.

తేడా ఒక్కటి చూపించు, చాలు అన్నాడు. ఇదిగో, ఇంట్లో బీరువా తలుపు మీద కూడా ఉంది, పద చూపిస్తాను అనొచ్చు. ఇప్పుడైతే అతను నమ్మి తీరాలి. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. తెలిసింది, చేతులు కాలాక. ఇప్పుడు చెబితే పెద్దాయన డ్రమ్ముల్లోంచి లేచిరాడు. ఇంత పెద్ద హాలుని, పిన్ని ముద్దలు పెడుతూ నేర్పిన కంటితో చూసి, పిన్ని చెప్పిన మాట మీద నిలబడి, పిన్ని చేతిని నమ్మి తుడిపించేశానని ఆ అబ్బాయికి తెలుస్తుంది, అంతే.

"ఏంటి పిన్నీ, అలా ఉన్నావ్?" అన్నాడు అతను, జనం కాస్త పల్చబడ్డాక.

"ఏం లేదు. దీపం కళ్లలో పడుతోంది" అంది.

మర్నాడు అతను ఆఫీసుకి వెళ్లాక ఆమె పాత డబ్బాలు వెతికి, బూడిదరంగుది ఒకటి బయటికి తీసింది. వంటింటి బీరువాలోని గిన్నెలన్నీ దించింది. తలుపు తడిగుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, వెడల్పాటి కుంచె తీసుకుంది. చదునుగా పూయడానికి చెయ్యి వణికినా ఫరవాలేదు. నది పైనుంచి మూసుకుంటూ వచ్చింది. పాయ దగ్గర కుంచె ఆగలేదు.

టీ పెట్టుకుందామని వచ్చిన అక్క గుమ్మంలోనే నిలబడిపోయింది. "నీకేమైనా పిచ్చా? బంగారంలాంటి తలుపు. వాడికి ఆ తలుపంటే ఎంత ఇష్టమో తెలుసా?"

"తెలుసు" అంది పిన్ని, రెండో పూతకి కుంచె ముంచుతూ.